గులాబీల పేనుబంకకు "ఆర్గానిక్" మందు కొంటున్నారా? లేబుల్ చూసి కొనండి

మిద్దెతోట పెంచుకునేవాళ్లందరికీ ఈ మాట చేరాలని రాస్తున్నాను. చలి మొదలైంది. గులాబీ మొగ్గలకు పేనుబంక, అంటే రసం పీల్చే చిన్న పురుగులు, పట్టే రోజులివి. ఇదే అదనుగా "వంద శాతం ఆర్గానిక్" అంటూ ఊరూపేరూ లేని సీసాలు అంటగడుతున్నారు. మా ఊరి నర్సరీలో నాకిచ్చింది అలాంటిదే.

సీసా మీద వేపాకు బొమ్మ, "అన్ని పురుగులకూ ఒకే మందు" అన్న మాట, ధర. అంతే. లోపల ఏముందో లేదు, బ్యాచ్ నంబరు లేదు, తయారీ తేదీ లేదు. అడిగితే "మేమే చేయిస్తామమ్మా, ఉత్త వేపే, పసిపిల్లలున్న ఇళ్లకు కూడా ఇస్తాం" అన్నారు.

వాళ్లు చెప్పిన మోతాదులోనే, ఎండ తగ్గాక కొట్టాను. కొడుతుంటే వేపనూనె చేదు వాసన కాదు, పత్తి చేలో మందు కొట్టేటప్పటి ఘాటు వచ్చింది. తెల్లారేసరికి పేనుబంక రాలిపోయింది, నిజమే. కానీ కుండీల అంచుల మీద అక్షింతల పురుగులు వెల్లకిలా పడి ఉన్నాయి. సాలీళ్లు కూడా చచ్చాయి. తర్వాత లేత చిగుళ్ల అంచులు మాడాయి. కొన్నాళ్లకే పేనుబంక మళ్లీ వచ్చింది. దాన్ని తినే అక్షింతల పురుగులు లేవు కదా, ఈసారి మొగ్గ కనబడనంతగా కమ్మేసింది.

వేపమందు ఇలా పనిచేయదు. అందులోని అజాడిరక్టిన్ పురుగును తిండి తిననివ్వదు, కుబుసం విడవనివ్వదు. ఫలితం కనబడటానికి రోజులు పడుతుంది. రాత్రికి రాత్రే కనబడ్డ పురుగల్లా చచ్చిందంటే ఏదో రసాయన మందు కలిపారనే నా అనుమానం. అవి జడలో పెట్టుకునే పూలు, దేవుడికి పెట్టే పూలు. పిల్లలు రేకులు నమిలేస్తారు. ఏదైనా జరిగి ఆసుపత్రికి పరుగెత్తితే డాక్టరుకు ఏ మందు పేరు చెప్పాలి? నన్ను భయపెట్టింది అదే.

1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం, వేపతో చేసిందైనా పురుగుమందుగా అమ్మాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. సీసా మీద ఆ నంబరు, మందు పేరు, దాని శాతం, బ్యాచ్, తయారీ, గడువు తేదీలు, విరుగుడు చూడండి. విషతీవ్రత చెప్పే రంగు గుర్తు కూడా ఉండాలి. ఎరుపైతే అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఇవి లేకపోతే ఎంత చవకైనా వద్దు. బిల్లు ఇవ్వనంటే అసలే వద్దు.

నాలుగు కుండీలకు అసలు ఇంత మందు అక్కర్లేదు. పొద్దున్నే పైపుతో ఆకుల అడుగున, మొగ్గల కింద నీళ్లు గట్టిగా కొడితే చాలావరకు రాలిపోతుంది. మిగిలినదానికి లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కొంచెం కుంకుడు రసం. ముందు ఒక కొమ్మ మీద కొట్టి చూసి, ఎండ లేనప్పుడు మిగతా మొక్కకు కొట్టండి. వారం తర్వాత మళ్లీ కొట్టాలి, ఎందుకంటే పేనుబంక గుడ్ల కోసం ఆగకుండా నేరుగా పిల్లల్నే పెడుతుంది. చీమల బారు కనబడితే దాన్నీ ఆపండి. పేనుబంక వదిలే తీపి జిగురు కోసం చీమలు అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. యూరియా ఎక్కువ వేస్తే లేత చిగుళ్లు పెరిగి పేనుబంకకు విందే.

డబ్బు తిరిగివ్వమంటే నర్సరీవాళ్లు కుదరదన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ఇలాంటి సీసా మీ ఇంట్లో ఉంటే డ్రైనేజీలో పోయకండి, పక్కవాళ్లకూ ఇవ్వకండి. మూత బిగించి పిల్లలకు అందనిచోట పెట్టి, ఫోటో తీసి మీ మండల వ్యవసాయ అధికారికి చూపించండి.