కాటన్ రాగ్ అని అమ్ముతున్న ఆ ఇంక్‌జెట్ పేపర్‌తో జాగ్రత్త

నిన్న రాత్రి ఫోనులో విన్న మాటలు ఇంకా చెవుల్లో గింగురుమంటున్నాయి, అందుకే కోపం చల్లారకముందే రాస్తున్నాను. ఫైన్ ఆర్ట్ పేపర్లను భారీ తగ్గింపుతో అమ్ముతున్న ఆ ఆన్‌లైన్ విక్రేత ఎవరో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 100 శాతం కాటన్ (పత్తి పీచు, దాన్నే కాటన్ రాగ్ అంటారు), 310 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు), మ్యాట్, ఆప్టికల్ బ్రైటెనర్లు (పేపర్‌ను మరింత తెల్లగా చూపే రసాయనాలు) లేవు అన్న వివరణ చదివి, సగంలో ఉన్న నా బ్లాక్ అండ్ వైట్ పోర్ట్రెయిట్ల వరుసను పూర్తి చేయడానికి ఏ3 ప్లస్ సైజులో రెండు ప్యాకెట్లు తెప్పించాను. ఒక్క ఖాళీ షీటునైనా పరీక్షించకుండా 12 ప్రింట్లు తీసేశాను. ఆ తప్పు పూర్తిగా నాదే.

తేడా గోడ మీద బయటపడింది. పాత కాటన్ రాగ్ ప్రింట్ల పక్కన పెట్టగానే, కిటికీ వెలుతురులో కొత్తవాటి తెలుపు నీలంగా కొట్టొచ్చినట్టు కనిపించింది. సాయంత్రం బల్బు వెలుగులో ఆ నీలం లేదు. బ్రైటెనర్లు అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలి కాంతిగా విడుదల చేస్తాయి కాబట్టి, ఆ కాంతి అందని చోట పేపర్ అసలు రంగే కనిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ వాటి శక్తి తగ్గిపోయి, తెలుపు పసుపు వైపు జారుతుంది. గది చీకటి చేసి యూవీ టార్చి వేసి చూస్తే, పాత షీటు మసకగానే ఉండిపోయింది, కొత్తది నీలంగా వెలిగింది. అది కాటన్ అవునో కాదో టార్చి చెప్పదు గానీ, బ్రైటెనర్లు లేవన్న మాట అబద్ధమని మాత్రం తేల్చింది.

ఆ ఫొటో పంపితే, నా ప్రింటర్ ప్రొఫైల్ (రంగులు సరిగ్గా రావడానికి వాడే ఫైలు) తప్పని విక్రేత నుంచి జవాబు వచ్చింది. వెలిగింది ఇంకు చుక్క కూడా పడని ఖాళీ షీటు, దానితో ఆ ప్రొఫైల్‌కు సంబంధమేమిటి? అదే అడగడానికి ఫోను చేశాను. అవతలి వ్యక్తి నా మాట పూర్తి కానివ్వకుండా, "కాటన్ అని మేమెక్కడ రాశాం? మీరే ఒకసారి పేజీ చూడండి" అన్నాడు. ఫిర్యాదు రాసేముందు, ఆ ఉదయమే, నేను కాటన్ అన్న మాటను ఆ పేజీలోనే చదివాను. ఫోను చెవి దగ్గర పెట్టుకునే పేజీ తెరిచాను. కాటన్ లేదు, బ్రైటెనర్ల ప్రస్తావన లేదు, వాటి స్థానంలో "మ్యూజియం క్వాలిటీ" అని ఉంది. నేను చదువుతున్నంతసేపూ అతను మౌనంగా ఉండి, "చూశారుగా? తెరిచిన ప్యాకెట్ వెనక్కి తీసుకోం" అని ఫోను పెట్టేశాడు. డబ్బు పోయినందుకన్నా, నా కళ్లతో చదివినదాన్ని నాచేతే లేదనిపించే ప్రయత్నం చేసినందుకు ఎక్కువ బాధపడుతున్నాను.

కొన్న రోజే ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఉంటే ఈ అవమానం తప్పేది. నా దగ్గరున్న రసీదులో "ఫైన్ ఆర్ట్ మ్యాట్ 310" అని మాత్రమే ఉంది. జీఎస్‌ఎం బరువును చెబుతుందే తప్ప పీచు ఏమిటో చెప్పదని తెలిసి కూడా, చేతికి మందంగా తగిలేసరికి నమ్మేశాను. ఆల్ఫా సెల్యులోజ్ పేపర్ (శుద్ధి చేసిన చెక్క గుజ్జుతో చేసేది) చెడ్డదని నేను అనడం లేదు. లిగ్నిన్ (పేపర్‌ను పసుపు రంగుకు మార్చే చెక్కలోని పదార్థం), ఆమ్లం లేని మంచి సెల్యులోజ్ పేపర్ మీద నేనూ ఎన్నో ప్రింట్లు తీశాను. కాటన్ అని చెప్పి ఏదో ఒకటి అంటగట్టడమే మోసం.

కొనేవాళ్లు అమ్మకపు పేజీని తేదీతో సహా భద్రపరుచుకోండి, పీచు గురించీ బ్రైటెనర్ల గురించీ తయారీదారు ఇచ్చిన డేటా షీట్ అడగండి, ప్రింటు తీయకముందే ఖాళీ షీటు మీద యూవీ టార్చి వేయండి. ఆ 12 పోర్ట్రెయిట్లను నేను వేరే పేపర్ మీద మళ్లీ మొదటి నుంచి ప్రింట్ చేస్తున్నాను.