బొగ్గా, కుండపెంకా: కాలం తేల్చడానికి ఏది పంపాలి?

తవ్వకంలో ఒకే పొయ్యి దగ్గర బొగ్గు, కుండపెంకు రెండూ దొరికాయి. డబ్బు ఒక్క పరీక్షకే ఉంది.

రేడియోకార్బన్ (ఒకప్పుడు ప్రాణమున్న వాటిలో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను కొలిచి వయసు చెప్పే పరీక్ష): చిటికెడు బొగ్గు చాలు. సుమారు 50,000 ఏళ్ల దాకా పనికొస్తుంది. కానీ అది చెప్పేది చెక్క వయసు, మంట వయసు కాదు. ముసలి మాను నడిమి చేవ కాల్చి ఉంటే వందల ఏళ్లు పాతగా చూపిస్తుంది. అందుకే నేనైతే ముందు మాడిన గింజ కోసం వెతుకుతాను. గింజ ఒక్క ఏడాది పంటే కదా!

థర్మోలూమినెసెన్స్ (కాలిన మట్టిని, రాయిని మళ్లీ వేడిచేసి, అప్పుడు వెలువడే వెలుగును కొలిచే పరీక్ష): కుండ చివరిసారి బాగా కాలిన కాలాన్నే చెబుతుంది. శ్రమ ఎక్కువ: పెంకును వెలుగు తగలకుండా దాచాలి, చుట్టూ ఉన్న మట్టిలో రేడియేషన్ కొలవాలి. 5 నుంచి 10 శాతం తేడా మామూలే.

గింజ దొరికితే రేడియోకార్బన్‌కే పంపండి. బొగ్గు, ఎముక ఏవీ మిగలని చోటా, 50,000 ఏళ్లు దాటిన కాలిన చెకుముకిరాయికీ రెండోదే దిక్కు.