ఔష్విట్జ్‌కి రెండుసార్లు వెళ్లాల్సి వచ్చింది

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, ఇది రాయడానికి కూర్చున్నదే ఆ కోపంతో. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ నాజీలు లక్షల మందిని చంపిన క్యాంపు ఔష్విట్జ్, పోలండ్‌లో ఉంది, ఇప్పుడది స్మారకం. అందులోకి వెళ్లడానికి టికెట్ లేదు, ప్రవేశం ఉచితం. వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో మన పేరు మీద పాస్ తీసుకోవాలి. గైడ్ కావాలంటే దానికి మాత్రం డబ్బు కట్టాలి. ఈ ముక్క తెలియక క్రాకోవ్‌లో ఒక ఏజెంటుకి మనిషికి 289 జ్లోటీల చొప్పున ముగ్గురికి 867 జ్లోటీలు పోశాను. మన డబ్బుల్లో దాదాపు ఇరవై వేలు. రసీదు మీద 'ఎంట్రీ టికెట్‌తో కలిపి' అని కూడా రాసిచ్చాడు.

అమ్మ తెనాలి నుంచి రెండు నెలలకని బెర్లిన్ వచ్చింది. తనని తీసుకుని నేనూ మా ఆవిడా రైల్లో క్రాకోవ్ వెళ్లాం. రైలు బాగుంది. పాత యూదుల పేట కజిమియెష్‌లో ఫ్లాట్ రాత్రికి 340 జ్లోటీలు, శుభ్రంగా ఉంది, లిఫ్ట్ మాత్రం లేదు.

పొద్దున తొమ్మిదిన్నరకి వ్యాన్ వస్తుందన్న ఏజెంటు ముందు రాత్రి పదకొండున్నరకి మెసేజ్ పెట్టాడు, 5:50కే రావాలని. అమ్మ కాఫీ కూడా తాగకుండా బయల్దేరింది. ఏడున్నరకి అక్కడ దింపారు. పాసులు వచ్చింది పదకొండింటికి. మూడున్నర గంటలు చలిలో నిలబడ్డాం. అమ్మ పాస్ మీద పేరు తప్పు, దాన్ని సరిచేయించడానికి ఇంకో ఇరవై నిమిషాలు. మా ఆవిడ ఏజెంటుకి ఫోన్ చేసి చేసి, చివరికి నాతో కూడా మాట్లాడటం మానేసింది.

లోపల స్మారకం వాళ్ల గైడ్ మాత్రం గొప్ప మనిషి. గొంతు పెంచలేదు, ఏడిపించాలని చూడలేదు. నేను అమ్మకి తెలుగులో చెబుతుంటే గమనించి, ప్రతి వాక్యం తర్వాత కాస్త ఆగింది. నాజీలు ఇక్కడికి తెచ్చింది దాదాపు 13 లక్షల మందిని, చంపింది 11 లక్షల మందిని, అందులో సుమారు 10 లక్షల మంది యూదులే. మిగతావాళ్లలో ఎక్కువమంది పోలిష్ వాళ్లు, రోమా అనే తెగవాళ్లు, సోవియట్ యుద్ధఖైదీలు.

ఇదంతా గ్యాస్ చాంబర్లతో మొదలు కాలేదని కూడా చెప్పింది. జర్మనీలో 1933లో యూదుల దుకాణాల బహిష్కరణ, 1935లో పౌరసత్వం లాక్కున్న చట్టాలు, 1938 నవంబరులో ప్రార్థనా మందిరాల దహనం. బెర్లిన్‌లో మా ఇంటి నుంచి వాన్‌జే సరస్సు ఒడ్డున ఉన్న భవనానికి ముప్పావు గంట. 1942 జనవరి 20న పదిహేను మంది నాజీ అధికారులు అక్కడ కూర్చుని, యూరప్‌లో దేశాలవారీగా యూదుల లెక్క వేసి, మొత్తం కోటీ పది లక్షలని రాసుకున్నారు. హత్యలు అప్పటికే సాగుతున్నాయి. ఏ శాఖ ఏం చేయాలో పంచుకోవడానికే ఆ సమావేశం.

నాలుగో బ్లాకులో, ఇక్కడ బలైనవాళ్ల నుంచి కత్తిరించిన దాదాపు రెండు టన్నుల జుట్టు ఉంది. అక్కడ ఫోటోలు తీయకూడదు, దయచేసి తీయకండి.

అమ్మ ఆగిపోయింది అయిదో బ్లాకులో, గిన్నెల దగ్గర. అద్దం వెనక పన్నెండు వేలకు పైగా వంటింటి సామాను గుట్టగా ఉంది. ఎనామిల్ గిన్నెలు, మూతలు, పాలు కాచుకునేవి, నీలం, తెలుపు, ఎరుపు, అక్కడక్కడా పెచ్చులూడి తుప్పు పట్టి.

"గిన్నెలెందుకు తెచ్చుకున్నార్రా?" అంది.

"వేరే చోట ఇళ్లిస్తాం, పనిస్తాం అని చెప్పి రైలెక్కించారమ్మా."

"అంటే, దిగగానే వండుకుందామనుకున్నారు."

అమ్మ బెర్లిన్ వచ్చేటప్పుడు పోపు గరిటె, చిన్న ఇత్తడి గిన్నె చీరల మధ్య చుట్టి తెచ్చుకుంది. పక్కనే సూట్‌కేసులు, వాటి మీద తెల్ల రంగుతో పేరు, పుట్టిన తేదీ. మా ఇంట్లో స్టీలు సామానంతటి మీదా అమ్మ పేరు చెక్కించి ఉంటుంది, ఎవరింటికి వెళ్లినా తిరిగి రావాలని. నేనేమీ చెప్పక్కర్లేకుండానే సూట్‌కేసుల మీద పేర్లెందుకున్నాయో తనకి అర్థమైంది.

అక్కణ్ణుంచి మూడు కిలోమీటర్ల దూరంలో బిర్కెనావ్, ఔష్విట్జ్‌లోనే రెండో క్యాంపు. గంటన్నర ఉంటామని చెప్పారు, ఇరవై అయిదు నిమిషాలకే డ్రైవర్ రమ్మన్నాడు. మిగతావాళ్లలో సగం మందికి మధ్యాహ్నం ఉప్పుగని టూర్ కూడా కలిపి అమ్మారట. లోపలికి వెళ్లే రైలు పట్టాల చివరిదాకా నడవలేని అమ్మ గేటు దగ్గరే వెనక్కి తిరగాల్సి వచ్చింది. లక్షల మంది చనిపోయిన చోటుని పూటలో ముగించే ప్యాకేజీగా అమ్మడం నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. డబ్బు వెనక్కి ఇమ్మంటే ఏజెంటు ఇవ్వలేదు.

మర్నాడు క్రాకోవ్‌లోనే తిరిగాం. బ్యాటరీ బండ్ల వాళ్లు 'ఘెట్టో, ఘెట్టో' అని కేకలేస్తూ వెంటపడతారు, ఎక్కకండి. ఘెట్టో అంటే నాజీలు యూదుల్ని బంధించి ఉంచిన పేట. వంతెన దాటి నడిచి వెళ్తే ఘెట్టో వీరుల చౌక్ వస్తుంది. 1943 మార్చి 13, 14 తేదీల్లో ఘెట్టోని ఖాళీ చేసినప్పుడు వీధిలో పడున్న సామానుకి గుర్తుగా అక్కడ ఖాళీ లోహపు కుర్చీలు నిలబెట్టారు. చౌక్ మూలనే తదేవుష్ పాంకియెవిచ్ మందుల షాపు, ఇప్పుడది మ్యూజియం. ఆయన యూదుడు కాదు, అయినా ఘెట్టోలోనే ఉండిపోయి మందులిచ్చాడు, మనుషుల్ని దాచాడు. గంట కేటాయించండి. మధ్యాహ్నం పాలబార్‌లో, అంటే అక్కడి చవక క్యాంటీన్లో, బంగాళదుంప, పనీరు లాంటి జున్ను కూరిన పియెరోగి (ఉడికించిన కజ్జికాయల్లాంటివి), ప్లేటు 21 జ్లోటీలు. అమ్మ కందిపొడి నంజుకుని రెండు ప్లేట్లు తింది. ఆ ట్రిప్పులో తను ఇష్టంగా తిన్న భోజనం అదొక్కటే.

ఆ రాత్రి తనే అంది, "మళ్లీ వెళ్దాంరా, చివరిదాకా నడుస్తాను."

మా ఆవిడ ఫోన్లో వెతికి మూడో రోజు మధ్యాహ్నానికి ఉచిత పాసులు పట్టింది. బస్సు మనిషికి 22 జ్లోటీలు, గంటన్నర ప్రయాణం. పొద్దున్నే బిర్కెనావ్ వెళ్లాం. ఒక కిలోమీటరు నడవడానికి అమ్మకి యాభై నిమిషాలు పట్టింది, మమ్మల్ని ఎవరూ తొందరపెట్టలేదు. నీళ్లు, మంచి బూట్లు, టోపీ తప్పనిసరి. కూర్చునే చోట్లు చాలా తక్కువ. లోపలిదాకా వచ్చే ఆ పట్టాలు 1944లో వేసినవి. ఆ మే నుంచి జూలై వరకు ఒక్క హంగేరీ నుంచే నాలుగు లక్షలకు పైగా యూదుల్ని ఇక్కడ దింపారు, అత్యధికుల్ని దిగిన రోజే చంపేశారు. చివర్లో గ్యాస్ చాంబర్ల కూలిన కాంక్రీటు పైకప్పులు కనిపిస్తాయి. సాక్ష్యం మిగలకూడదని పారిపోయే ముందు నాజీలే పేల్చేశారు. అమ్మ అక్కడ చెప్పులు విడిచి నిలబడింది.

మధ్యాహ్నం ఉచిత షటిల్‌ బస్సులో మొదటి రోజు చూసిన మెయిన్ క్యాంపుకి వచ్చి నేరుగా 27వ బ్లాకుకి వెళ్లాం. మొదటి రోజు దీన్ని మాకు చూపించనే లేదు. హోలోకాస్ట్‌లో, అంటే నాజీలు యూదుల మీద సాగించిన ఈ మారణహోమంలో, చనిపోయిన దాదాపు 42 లక్షల మంది యూదుల పేర్లు మనిషెత్తు దాకా ఉండే కాగితాల మీద అచ్చువేసి వేలాడదీశారు. చేత్తో తిప్పి చూడొచ్చు. ఒకే ఇంటిపేరు పేజీలకు పేజీలు సాగుతుంది.

"ఈ అంకెలేంటి?" అంది అమ్మ.

"పుట్టిన సంవత్సరం."

వేలు పెట్టి కిందికి జరుపుతూ చదివింది. 1902. 1931. 1940. 1941. మా ఆవిడ టైమ్ చూసి, "అత్తయ్యా, అయిదున్నర బస్సు" అంది. అమ్మ ఇంకో పేజీ తిప్పమంది. మేం ఏడింటి బస్సుకి వెళ్లాం.