పన్నెండు ఆదివారాల తత్త్వశాస్త్రం: ఒక ప్రాథమిక కోర్సుపై సమీక్ష

గత శీతాకాలంలో హైదరాబాద్‌లోని ఒక అధ్యయన కేంద్రం తెలుగులో నిర్వహించిన తత్త్వశాస్త్ర ప్రాథమిక కోర్సులో చేరాను. పన్నెండు ఆదివారాలు, ఉదయం పది నుంచి పన్నెండున్నర వరకు తరగతులని ప్రకటించారు. నడిచినవి పదకొండే, ఆ సంగతి తరువాత చెబుతాను. రుసుము 4,800 రూపాయలు, అందులోనే 140 పేజీల నోట్సు, నడుమ ఒక టీ. లోపాలు కూడా రాయబోతున్నాను గనుక సంస్థ పేరు గానీ, అధ్యాపకుల పేర్లు గానీ ఇక్కడ ఇవ్వడం లేదు. ఇలాంటి కోర్సుల్లో చేరదలచిన వారికి దేనికి డబ్బు పెట్టవచ్చో, దేనికి ముందే అడిగి తెలుసుకోవాలో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం. ముప్పై ఏళ్లు ఆడిట్ ఉద్యోగం చేసి విరమించిన నాకు తత్త్వశాస్త్రంలో పూర్వ పరిచయం లేదు. చేరుతున్నానని చెప్పినప్పుడు మిత్రులు మెట్ట వేదాంతం నేర్చుకోవడానికి ఫీజెందుకని నవ్వారు.

ప్రకటించిన పట్టిక ప్రకారం తత్త్వమీమాంసకు మూడు వారాలు, జ్ఞానమీమాంసకు మూడు, తర్కానికి రెండు, నీతిశాస్త్రానికి రెండు, రాజనీతి తత్త్వానికి ఒకటి, సౌందర్యశాస్త్రానికి ఒకటి కేటాయించారు. శాఖకొక అధ్యాపకుడు వచ్చి పాఠం చెప్పి వెళ్లే పద్ధతి ఇది. దీనివల్ల ఆయా విషయాల్లో నిష్ణాతులు దొరుకుతారన్నది నిజమే కాని, ఒకరు చెప్పినది మరొకరికి తెలియకపోవడం వల్ల శాఖలన్నీ ఎవరి వాటా వారు పంచుకున్న ఇంట్లోని గదుల్లా మిగిలిపోయాయి. కోర్సులో గుర్తుండిపోయిన తరగతులు మాత్రం ఆ గోడలను పట్టించుకోకుండా నడిచినవే.

ఆరంభం నిరుత్సాహకరంగా ఉంది. తత్త్వమీమాంస అంటే ఉన్నది ఏమిటి, ఉండటమంటే ఏమిటి, కాలం, కారణం, ఆత్మ, స్వేచ్ఛ అనేవి నిజంగా ఎలాంటివి అని విచారించే శాఖ. ఇంత రుచికరమైన విషయాన్ని మొదటి అధ్యాపకులు మూడు వారాలపాటు నిర్వచనాలుగా చదివి రాయించారు. ఆంగ్లంలో ఈ శాఖకు ఉన్న మెటాఫిజిక్స్ అన్న పేరు కూడా, క్రీ.పూ. 1వ శతాబ్దంలో అరిస్టాటిల్ రచనలను కూర్చిన ఆండ్రోనికస్ ఒక భాగాన్ని భౌతికశాస్త్రం తరువాత అమర్చడం వల్ల వచ్చిందని సంప్రదాయం చెబుతుంది; అంటే అది ‘భౌతికశాస్త్రం తరువాతివి’ అని అర్థమిచ్చే పేరు. ఈ ముచ్చట నోట్సులో ఉంది కాని, తరగతిలో ఎవరూ దాని జోలికి పోలేదు.

నాలుగో వారం పరిస్థితి మారింది. పట్టికలో లేకపోయినా తత్త్వమీమాంసకే ఇచ్చిన ఆ అదనపు తరగతికి వచ్చిన అధ్యాపకురాలు అన్నంభట్టు తర్కసంగ్రహాన్ని చేతబట్టుకుని వచ్చారు. కాశీకి వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడని సామెతకు ఎక్కిన ఆ 17వ శతాబ్దపు పండితుడు మన తెలుగు నేలవాడే. లోకంలో ఉన్న సమస్తాన్నీ ఆయన ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం, అభావం (అంటే లేకపోవడం) అని ఏడు పదార్థాలుగా, అంటే మూల వర్గాలుగా లెక్కకట్టాడు. ఆవిడ ఈ జాబితాను బోర్డుపై రాసి, రెండో వరుసలో ఆ రోజు రాని ఒకరి ఖాళీ కుర్చీ వైపు చూపించి, “ఆయన ఇక్కడ లేకపోవడం అనేది ఉందా, లేదా?” అని అడిగారు. కొంతసేపు ఎవరూ పలకలేదు. లేదంటే హాజరు పట్టీలో గుర్తు పెట్టడానికి ఆధారం లేదు. ఉందంటే, ఆ ఉన్నది ఎక్కడ ఉంది, కుర్చీలోనా, మన తలలోనా? నైయాయికులు, అంటే న్యాయదర్శనానికి చెందిన తార్కికులు, అభావాన్ని కూడా ఒక పదార్థంగా ఎందుకు లెక్కించారో ఆ పావుగంటలో అర్థమైనంతగా ముందరి మూడు వారాల్లో ఏదీ అర్థం కాలేదు.

జ్ఞానమీమాంస కూడా ఆవిడే చెప్పారు, ఈ కోర్సుకు చెల్లించిన డబ్బులో సగానికి ఆ మూడు వారాలే గిట్టుబాటు. తెలుసుకోవడమంటే ఏమిటి, నమ్మకానికీ జ్ఞానానికీ తేడా ఎక్కడ వస్తుంది, ఏ దారుల్లో వచ్చిన జ్ఞానాన్ని ఒప్పుకోవాలి అన్నవి ఈ శాఖ ప్రశ్నలు. ఆవిడ నిర్వచనంతో మొదలుపెట్టలేదు; “ఇవాళ ఆదివారమని మీకెలా తెలుసు?” అని ఒక్కొక్కరినే అడిగారు. ఫోనులో చూశానని ఒకరు, పేపరుతో ఆదివారం అనుబంధం వచ్చిందని ఒకరు అన్నారు. మా ఆవిడ చెప్పిందండీ అని నేను అన్నాను. వీధిలోకి స్కూలు బస్సు రాలేదని వెనుక నుంచి ఒక గృహిణి చెప్పారు. జవాబులన్నిటినీ బోర్డు మీద వేర్వేరు గళ్లలో రాసిన తరువాత ఆవిడ పైన శీర్షికలు పెట్టారు: అనుబంధం చూసి ఆదివారమనుకోవడం అనుమానం (అంటే సందేహం కాదు, గుర్తును బట్టి ఊహించడం), ఇంట్లోవారి మాట నమ్మడం శబ్దం. బస్సు రాకపోవడం గమనించడం దగ్గర ఆగి, రానిదాన్ని కంటితో ఎలా చూశారని అడిగారు. ఆ లేమిని గ్రహించడానికి అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణం, అంటే తెలుసుకునే సాధనం, కావాలని భాట్ట మీమాంసకులూ అద్వైతులూ అంటే, అక్కర్లేదు, ప్రత్యక్షంతోనే, అంటే ఇంద్రియాలతోనే అది తెలుస్తుందని నైయాయికులు వాదించారట. అంతకు ముందు వారం చూసిన ఖాళీ కుర్చీ ఇక్కడ మళ్లీ ఎదురైంది. ఉన్నదేమిటన్న ప్రశ్న, అది మనకెలా తెలిసిందన్న ప్రశ్నతో పెనవేసుకుని ఉందని నాకు తెలిసింది అప్పుడే.

ఇలాంటి ప్రమాణాలు ఎన్నన్న దానిపై చార్వాకులు ప్రత్యక్షం ఒక్కటే చాలన్నారు, బౌద్ధులు, వైశేషికులు అనుమానాన్ని కలిపి రెండన్నారు, సాంఖ్యులు శబ్దంతో మూడు, నైయాయికులు ఉపమానంతో (పోలికతో) నాలుగు, ప్రాభాకర మీమాంసకులు అర్థాపత్తితో (మరో విధంగా పొసగదు కాబట్టి ఊహించడంతో) అయిదు, భాట్టులు, అద్వైతులు అనుపలబ్ధితో ఆరు. నోట్సులో ఈ పుట దగ్గర ఒక ముద్రారాక్షసం తప్పక చెప్పుకోవాలి. ‘నైయాయికులు’ అన్న మాటను కంప్యూటరు ‘నాయకులు’గా దిద్దేయడంతో “నాయకులు నాలుగు ప్రమాణాలను అంగీకరిస్తారు” అని అచ్చయింది. మన అనుభవంలో నాయకులు ఒక్కసారే ప్రమాణం చేస్తారు, దాన్నయినా ఎంతవరకు అంగీకరిస్తారన్నది వేరే చర్చ. ఇలాంటి తప్పులు 140 పేజీల్లో నా లెక్కకు ముప్పై పైనే దొరికాయి; ఫీజు తీసుకుని ఇచ్చే నోట్సును ఒకసారి ప్రూఫు చూసి ఉండవలసింది.

పాశ్చాత్యుల వైపు నుంచి, ఆధారం ఉన్న సత్యమైన నమ్మకమే జ్ఞానమన్న పాత నిర్వచనాన్ని 1963లో ఎడ్మండ్ గెటియర్ మూడు పుటల వ్యాసంతో కుదిపివేసిన సంగతిని ఆవిడ వివరించారు. అప్పుడు నాకు ఉద్యోగపు తొలి రోజుల్లో ఒక గోదాములో చేసిన సరుకు తనిఖీ గుర్తొచ్చి తరగతిలో చెప్పాను. రిజిస్టరులో 240 బస్తాలున్నాయి, నేను లెక్కపెట్టినా 240 వచ్చాయి, సంతకం పెట్టేశాను. సాయంత్రం మళ్లీ చూస్తే తలుపు వెనుక ఉన్న అయిదు బస్తాలను అసలు లెక్కపెట్టలేదు, కిటికీ పక్కనున్న అయిదింటిని రెండుసార్లు లెక్కపెట్టాను. మొత్తం నిజమే, నా నమ్మకమూ ఉంది, లెక్కపెట్టానన్న ఆధారమూ ఉంది. అయినా సంతకం పెట్టే వేళకు బస్తాలు 240 అని నాకు ‘తెలుసు’ అనగలనా? ఒక తప్పు మరో తప్పును కప్పేసి మొత్తం సరిపోవడం లెక్కలు రాసేవారికి కొత్తేమీ కాదు. అధ్యాపకురాలు సంతోషించి, దాదాపు ఇలాంటి ఉదాహరణనే 8వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మోత్తరుడు ఇచ్చాడని చెప్పారు: దాహంతో ఉన్నవాడు ఎండమావిని చూసి నీళ్లనుకుని వెళితే, అక్కడ ఒక బండ కింద నిజంగానే నీళ్లు దొరికాయి.

తర్కం చెప్పిన మాస్టారు వయసులో పెద్దవారు, గొంతు చిన్నది, మైకు పనిచేయలేదు. వెనుక వరుసల వారు రెండు వారాలూ ఇబ్బంది పడ్డారు. ముందు కూర్చున్నవారికి మాత్రం మంచి పాఠం దక్కింది. తర్కం ఏది నిజమో చెప్పదు, ఒక మాట నుంచి మరో మాట రావడం న్యాయమా కాదా అన్నది పరీక్షిస్తుంది అని ఆయన మొదటే తేల్చిచెప్పారు. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉందన్న ప్రసిద్ధ ఉదాహరణను ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే అయిదు అవయవాలుగా విడదీసి, దాన్ని తిరగేసి, నిప్పు ఉంటే పొగ ఉండి తీరుతుందా అని అడిగారు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ రాదు. పొగకు తడి కట్టె కూడా కావాలి, ఆ చెప్పకుండా దాక్కున్న షరతునే ఉపాధి అంటారు. ఈ ఒక్క మాటతో ఇంట్లో రోజూ విని ఒప్పుకునే వాదాలు ఎన్నో గుర్తొచ్చాయి. పెద్ద కాలేజీలో చదివాడు కాబట్టి పెద్ద ఉద్యోగం వచ్చిందనడంలో తడి కట్టె ఏదో వెతకడం మొదలుపెట్టాను. 1879లో ఫ్రేగే మొదలుపెట్టిన ఆధునిక సంకేత తర్కానికి చివర ఇరవై నిమిషాలే మిగిలాయి, అవి ఎవరికీ ఎక్కలేదు.

అసలు ఫిర్యాదు నీతిశాస్త్రం గురించి. ఏది చేయదగినది, ఎందుకు, మంచి అన్న మాటకు అర్థమేమిటి అన్నవి సామాన్యుణ్ని అన్నిటికంటే దగ్గరగా తాకే ప్రశ్నలు. తత్త్వమీమాంస ఒక వారం అదనంగా మింగేయడంతో రెండు తరగతులు ఒకటయ్యాయి, ఆ ఒక్కదానిలోనూ ఫిలిప్పా ఫుట్ 1967లో ప్రతిపాదించిన పట్టాలు మళ్లించే బండి సమస్యకే నలభై నిమిషాలు పోయాయి. బండిని పక్క పట్టాల మీదికి మళ్లిస్తే ఒకరు పోతారు, మళ్లించకపోతే అయిదుగురు పోతారు అన్నది మంచి సమస్యే, కాదనను. కాని మనవాళ్లకు దానికంటే పదునైన సామగ్రి ఇంట్లోనే ఉంది. హంతకుడు తలుపు దగ్గర నిలబడి మీ మిత్రుడు ఎక్కడున్నాడని అడిగినా అబద్ధమాడకూడదని జర్మన్ తాత్త్వికుడు కాంట్ 1797లో రాశాడు. మహాభారతం కర్ణపర్వంలో కృష్ణుడు చెప్పిన కౌశికుడు అచ్చంగా ఆ పనే చేసి, దొంగలకు నిజం చెప్పి, పారిపోతున్నవారి ప్రాణాలు తీయించి, నరకానికి పోయాడు. బొంకితే పాపం అంటని సందర్భాలను శుక్రాచార్యుడు బలికి ఏకరువు పెడితే, బలి వాటిని వినికూడా ఆడిన మాటకే కట్టుబడ్డాడు. ఈ ముగ్గురినీ పక్కపక్కన నిలబెడితే కర్తవ్యం ప్రధానమా, ఫలితం ప్రధానమా అన్న చర్చ దానంతట అదే నడిచేది. టీ వేళ ఈ మాట అధ్యాపకునితో అంటే, “మీరు చెప్పింది బాగుందండి, వేళ చాలలేదు” అన్నారు. తప్పు ఆయనది కాదు, పట్టికది.

రాజనీతి తత్త్వం ఒక వారంలో సాఫీగా ముగిసింది. 1971లో రాల్స్ చెప్పిన అజ్ఞానపు తెరను, అంటే సమాజంలో మన స్థానమేదో తెలియకుండా నియమాలు రాసుకోవడాన్ని, తరగతి చేత చేయించి చూపించారు, అంతవరకు బాగుంది. మనస్సు, భాష, విజ్ఞానశాస్త్రం వంటివాటి తత్త్వవిచారం నోట్సులో తలా ఒక పుటకు పరిమితమైంది.

ఇక పన్నెండో వారం. అందం అంటే ఏమిటి, కళను చూసి కలిగే ఆనందం ఎలాంటిది అని అడిగే సౌందర్యశాస్త్రం తరగతి ముందురోజు రాత్రి ఒక సందేశంతో రద్దయింది, బదులుగా ఆరు పుటల పీడీఎఫ్ పంపించారు. అందులో 1750 నాటి జర్మన్ తాత్త్వికుడు బామ్‌గార్టెన్ ఉన్నాడు, కాంట్ ఉన్నాడు, నాట్యశాస్త్రం రాసిన భరతుని రస సిద్ధాంతం రెండు వాక్యాల్లో ఉంది. కోనసీమలోని ముంగండ వంశీకుడై, రమణీయమైన అర్థాన్ని అందించే శబ్దమే కావ్యమని నిర్వచించిన జగన్నాథ పండితరాయలు మాత్రం లేడు. తెలుగులో, తెలుగువారి ముందు చెప్పే కోర్సులో ఈ పేరు లేకపోవడం, అభావం గురించి విన్న తరువాత మరింత కొట్టొచ్చినట్టు కనిపించింది. రద్దయిన తరగతి తాలూకు రుసుము వాపసు అడిగితే, నియమాల్లో లేదన్నారు.

సివిల్స్‌లో తత్త్వశాస్త్రం ఐచ్ఛికంగా తీసుకున్న ఇద్దరు కుర్రవాళ్లు నాతో పాటు చదివారు. తమ సిలబస్‌కు ఇది చాలదని వారు అయిదో వారానికే మానేశారు, పరీక్ష దృష్టితో చేరేవారు ఆ సంగతి గమనించాలి. ఊరికే తెలుసుకోవాలన్న ఆసక్తితో, వారానికి ఒక పూట కేటాయించగల వారికి జ్ఞానమీమాంస, తర్కం తరగతుల కోసం నేను దీన్ని సిఫారసు చేస్తాను. అయిదుకు మూడున్నర ఇస్తాను. చేరే ముందు ఏ శాఖను ఎవరు చెబుతారో, ఎన్ని వారాలో రాతపూర్వకంగా అడగండి, గదిలో ముందు వరుసలో కూర్చోండి. వచ్చే విడతకు పేరు నమోదు చేసుకోమని కేంద్రం నుంచి కబురు వచ్చింది. సౌందర్యశాస్త్రాన్ని పన్నెండో వారం నుంచి ముందుకు జరిపారేమో కనుక్కున్నాకే డబ్బు కడతానని జవాబిచ్చాను.