షూమన్ వయొలిన్ కన్చెర్టో: మెనూహిన్, క్రేమర్, ఫౌస్ట్... ఎవరిది ముందు వినాలి?

జర్మన్ స్వరకర్త షూమన్ రాసిన డి మైనర్ వయొలిన్ కన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక వయొలిన్ ప్రధానంగా సాగే రచన) కచేరీల్లో వినిపించడమే అరుదు. 1853లో యోఆహిమ్ అనే వయొలిన్ విద్వాంసుడి కోసం రాశాడు. కొన్ని నెలలకే షూమన్ రైన్ నదిలో దూకాడు. మతి చెదిరే దశలో రాసిన సరుకు అనుకుని యోఆహిమ్, షూమన్ భార్య క్లారా దీన్ని మూలన పడేశారు. చివరికి 1937లో బెర్లిన్‌లో బయటికొచ్చింది. తొలి ప్రదర్శన యూదుడైన అమెరికన్ వయొలినిస్టు మెనూహిన్‌కు దక్కకుండా నాజీలు జర్మన్ వయొలినిస్టు కూలెన్‌కాంప్ఫ్‌ చేత వాయింపించారు.

మెనూహిన్ మరుసటి ఏడాది న్యూయార్క్‌లో కండక్టర్ బార్బిరోలీతో రికార్డు చేశారు. ధ్వని పాతది, గరగర తప్పదు. కానీ రెండో భాగం వినండి. ముందు చెల్లోలు (వయొలిన్ జాతి పెద్ద వాద్యాలు) తాళానికి కాస్త ఎడంగా, తడబడుతున్నట్టు మొదలుపెడతాయి. దాని మీద వయొలిన్ అందుకుంటుంది. మెనూహిన్ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ వెళ్తుంటే ఎవరో పక్కన కూర్చుని పాడుతున్నట్టే ఉంటుంది. షూమన్ నదిలో దూకడానికి ముందు రోజుల్లో దేవదూతలు వినిపించారని నమ్మిన రాగానికి ఈ భాగంలోని రాగం చాలా దగ్గర.

అదే చోట వయొలినిస్టు ఇజబెల్ ఫౌస్ట్ దాదాపు కంపనం లేకుండా, సన్నగా వాయిస్తారు. ఫ్రైబుర్గ్ బరోక్ ఆర్కెస్ట్రాతో చేసిన ఈ రికార్డు 2015లో వచ్చింది. సోలో భాగం చాలాసేపు వయొలిన్ మధ్యస్థాయిలోనే తిరుగుతుంది కాబట్టి పెద్ద ఆర్కెస్ట్రా కింద నలిగిపోతుంది. ఇక్కడ ఆ బాధ లేదు, ప్రతి వాద్యం విడివిడిగా వినిపిస్తుంది. మెనూహిన్‌లో ఉన్న తడి మాత్రం నాకు దొరకలేదు.

అసలు పేచీ మూడో భాగం దగ్గర. అది పోలనేజ్ నాట్యపు నడక. షూమన్ వేసిన వేగం నిమిషానికి 63 తాళం దెబ్బలు, అంటే బాగా విళంబం. సాగదీసినట్టు ఉంటుందన్న టెన్షన్‌తో చాలామంది వేగం పెంచేస్తారు. వయొలినిస్టు గిడోన్ క్రేమర్, కండక్టర్ హార్నోన్‌కూర్ జోడీ పెంచలేదు. మొదటిసారి వింటే "ఎప్పటికవుతుందిరా బాబూ" అనిపించడం ఖాయం. రెండోసారి వింటే, వేరేచోట్ల వేళ్ల కసరత్తులా గిర్రున దొర్లిపోయే స్వరాల గుత్తులు ఇక్కడ పాటలా విడివడతాయి. రచనలో లోపమని తిట్టింది నిజానికి వేగం లోపమేనని నాకు నమ్మకం కుదిరింది ఇక్కడే.

కొత్తగా వినేవాళ్లు ఫౌస్ట్‌తో మొదలుపెట్టండి, విసుగు రాదు. నా ఓటు మాత్రం క్రేమర్‌కే. మెనూహిన్‌ది రెండో భాగం ఒక్కటి విన్నా చాలు. కూలెన్‌కాంప్ఫ్ రికార్డు కూడా దొరుకుతుంది కానీ, సోలో భాగాన్ని అక్కడక్కడ మార్చి వాయించారు. చరిత్ర మీద ఆసక్తి ఉంటే తప్ప ముందే అటు వెళ్లకండి.