జాగ్రత్త: మాక్రో ఫైలు కొనేముందు మీ తేదీలు పెట్టి చూడండి

పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో లెక్కలు రాసేవాళ్ళు, ధాన్యం వ్యాపారం చేసేవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. "కాటా ఫైళ్ళన్నీ ఒక్క బటన్ నొక్కితే ఎక్సెల్‌లోకి వచ్చేస్తాయి" అని మాక్రో ఫైళ్ళు (ఎక్సెల్‌లో పనిని దానంతటదే చేసేసే చిన్న ప్రోగ్రామ్ ఉన్న ఫైళ్ళు) అమ్మేవాళ్ళు తిరుగుతున్నారు. 2025 ఏప్రిల్ చివర్లో నేను 4,500 రూపాయలు పెట్టి ఒకటి కొన్నాను. దాన్ని నమ్మి ఒక రైతుకు 8,800 రూపాయలు తక్కువగా పట్టీ (సరుకు డబ్బు లెక్క చీటీ) రాశాను.

మా కాటా కంప్యూటరు రోజుకొక సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైలు) ఇస్తుంది. తేదీ, రైతు పేరు, బస్తాలు, తూకం అందులో ఉంటాయి. జీడిపిక్కల సీజన్‌లో ఆ ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరిచి పెద్ద షీటులోకి ఎక్కించడానికి రోజూ గంటన్నర పట్టేది. మాక్రో వచ్చాక అర నిమిషం చాలు. మార్చి నుంచి వచ్చిన మొత్తం బస్తాలు కూడి చూశాను, సరిపోయాయి. తేదీలు చూడాలని తోచలేదు.

మే మూడో వారంలో వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఒక పెద్దాయన పట్టీ పట్టుకుని వచ్చారు. "ఇదేటి బాబూ, సీరామనవమి ముందురోజు కదా నాను సరుకు దించినాను. మే నెల రేటు కట్టేసినారేటి?" అన్నారు. లోపలి జేబులోంచి మడతలు పడ్డ కాటా చీటీ తీసి బల్ల మీద పరిచారు. 05/04/2025, 22 బస్తాలు. నా షీటులో అదే సరుకు 04-05-2025న దిగినట్టుంది. మే 4 ఆదివారం. ఆ రోజు మా కాటా గది తాళమే తియ్యలేదు. అప్పటికి రేటు బస్తాకు 400 పడిపోయింది కాబట్టి పట్టీలో ఆ మేరకు కోత పడింది.

ఆయన్ని కూర్చోబెట్టి షీటు మొత్తం కిందకి జరుపుతూ చూశాను. ఏప్రిల్ 12న వచ్చిన సరుకు డిసెంబరు 4 అని ఉంది. ఏప్రిల్ 1 సరుకు జనవరి 4కి పోయింది. ఏప్రిల్ 4 ఒక్కటే సరిగ్గా ఉంది, రోజునీ నెలనీ తారుమారు చేసినా అదే వస్తుంది కాబట్టి. 13 నుంచి 30 దాకా తేదీలు చూడ్డానికి బాగానే ఉన్నాయి గానీ గడిలో ఎడమవైపుకి అంటుకుని ఉన్నాయి, మిగతావి కుడివైపున ఉన్నాయి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ఎక్సెల్ తేదీగా గుర్తించినది మామూలుగా కుడివైపు ఉంటుంది. ఎడమకి పోయిందంటే దాన్ని ఉత్త అక్షరాలుగా తీసుకుందన్నమాట. తేదీని బట్టే రేటు పడుతుంది కాబట్టి ఆ వరుసలకి రేటు దొరకక, పై వరుసలో ఉన్న రేటే కిందకి దిగిపోయింది. ఎక్కడా తప్పు ఉందన్న మెసేజ్ ఒక్కటీ రాలేదు.

నాకు మతిపోయింది ఎక్కడంటే, అదే సీఎస్‌వీ ఫైలుని మౌస్‌తో రెండుసార్లు నొక్కి తెరిస్తే తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయి! విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఫోన్ చేశాను. "మావయ్యా, నువ్వు చేత్తో తెరిస్తే ఎక్సెల్ నీ విండోస్‌లో పెట్టుకున్న ఇండియా పద్ధతి చూస్తుంది. మాక్రో తెరిస్తే అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత అని చదువుతుంది" అన్నాడు. మాక్రో కోడ్‌లో ఫైలు తెరిచే ఆజ్ఞ పేరు వర్క్‌బుక్స్ డాట్ ఓపెన్. దాని పక్కన 'లోకల్' అనేదాన్ని 'ట్రూ' అని రాస్తేనే మన పద్ధతి పాటిస్తుంది. వాడు చెప్తుంటే నేనే నాలుగు లైన్ల కోడ్ రాసి రెండు విధాలా తెరిచి చూశాను. లోకల్ లేకపోతే తారుమారు, పెడితే సరి. అమ్మినవాడు ఆ ఒక్క మాట రాయలేదు. పైగా తప్పు వస్తే ఆగకుండా ముందుకు పొమ్మనే 'ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్' కూడా పెట్టి ఉంటాడని మావాడి అనుమానం. రేటు దొరకని వరుసలో పాత రేటు ఉండిపోవడం దాని లక్షణమేనట.

అనుమానం తీర్చుకుందామంటే కోడ్‌కి పాస్‌వర్డ్ వేసి ఉంది. అమ్మినవాడికి ఫోన్ చేస్తే ముందు "మీ కంప్యూటరు సెట్టింగులు బాగోలేవు" అన్నాడు, తర్వాత తేదీలు సరిచేయడానికి ఇంకో 1,500 అడిగాడు. డబ్బు వాపసు మాటెత్తితే ఫోనే తియ్యడం లేదు. అమ్మేటప్పుడు అతను చూపించిన నమూనా ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు, అంటే ఎక్సెల్ సొంత రకం ఫైలు. అందులో తేదీ లోపల ఒక సంఖ్యగా దాచి ఉంటుంది, ఎవరు తెరిచినా మారదు. సీఎస్‌వీలో ఉండేది ఉత్త రాత, చదివే పద్ధతిని బట్టి అర్థం మారిపోతుంది. అందుకే డెమోలో ఏ లోపమూ బయటపడలేదు.

కాబట్టి ఎవరైనా ఇలాంటిది అమ్మజూపితే వాళ్ళ నమూనా వద్దనండి. మీ సొంత ఫైళ్ళే ఇవ్వండి. 5వ తేదీది ఒకటి, 25వ తేదీది ఒకటి కచ్చితంగా ఉండాలి. మధ్యలో ఒక రోజు ఫైలు కావాలనే తీసేసి, లేదని చెప్తుందో, చప్పుడు చెయ్యకుండా దాటేస్తుందో కూడా చూడండి. కోడ్ తాళం లేకుండా ఇస్తేనే డబ్బు కట్టండి. అసలు ఫైళ్ళకు వేరే చోట కాపీ ఉంచుకోండి, మాక్రో చేసిన పని కంట్రోల్ జెడ్‌తో వెనక్కి రాదు.

ఇంకొక్కటి. ఫైలు తెరవగానే పైన ఎర్ర రంగులో హెచ్చరిక వస్తే "ట్రస్ట్ సెంటర్‌లోకి వెళ్ళి మాక్రోలన్నీ ఎనేబుల్ చేసెయ్యండి" అని అమ్మినవాడు చెప్పాడు. ట్రస్ట్ సెంటర్ అంటే ఎక్సెల్‌లో భద్రత సెట్టింగులుండే చోటు. నేను చేశాను, మీరు చెయ్యకండి. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్ళలో మాక్రోలను 2022 నుంచి మైక్రోసాఫ్ట్ ఆపుతోంది, అది మన రక్షణకే. 1999లో మెలిస్సా వైరస్ ఒక వర్డ్ ఫైలు మాక్రోతోనే ఈమెయిళ్ళలో పాకింది. నమ్మకం కుదిరాక ఆ ఒక్క ఫైలు ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ పెట్టుకుంటే చాలు, తక్కినవాటికి తలుపు తెరవక్కర్లేదు.

ఆ పెద్దాయనకి 8,800 ఆ రోజే మా ఓనర్ గారు ఇప్పించారు. కాటా కంప్యూటర్లో అసలు ఫైళ్ళు అలాగే ఉండబట్టి మిగతా పట్టీలన్నీ చేత్తో సరిచూస్తున్నాను. ఇంకా నలుగురికి తక్కువ పడింది. మందస, కవిటి వైపు వాళ్ళు. రమ్మని కబురు పెట్టాను.