గొర్రె రక్తంలో గ్లూటాథయోన్ కొలతకు డీటీఎన్‌బీ: కొనదగ్గదే, కానీ దీనొక్కదానితో పని పూర్తికాదు

మందలో పుట్టుకతోనే ఎర్రకణాల గ్లూటాథయోన్ (కణాలను ఆక్సీకరణ దెబ్బ నుంచి కాపాడే, సల్ఫర్ ఉన్న చిన్న అణువు) తక్కువగా ఉన్న గొర్రెలను ఏరడానికి డీటీఎన్‌బీ పొడి మంచి రియేజెంట్; గ్లూటాథయోన్‌తో కలిస్తే పసుపు రంగు ఇస్తుంది. ఎల్మన్ 1959లో పరిచయం చేసిన ఈ పొడితో, మామూలు కలరిమీటర్ ఉన్న ల్యాబ్ కూడా పని కానిచ్చేయొచ్చు. అయితే తక్కువుందని చెప్పడం వరకే దీని పని. ఎందుకు తక్కువో ఇది చెప్పదు, గొర్రెల్లో అసలు ప్రశ్న అదే.

ఫిన్నిష్ లాండ్రేస్ గొర్రెల్లో లోపం కణం పొరలో ఉంది. సిస్టీన్, ఎలనిన్ లాంటి ఎమైనో ఆమ్లాలను లోపలికి చేర్చే రవాణా వ్యవస్థ వాటిలో దెబ్బతిని ఉంటుందని యంగ్, ఎల్లరీ, టక్కర్ 1975లో చూపించారు. సిస్టీన్ అందకపోతే గ్లూటాథయోన్ తయారీ కుంటుపడుతుంది. లైసిన్, ఆర్నిథిన్ మాత్రం బయటికి పోలేక లోపలే పేరుకుపోతాయి. టాస్మేనియా మెరినోల్లో కథ వేరు: సిస్టీన్‌ను గ్లూటమేట్‌తో కలిపే ఎంజైమే అక్కడ బలహీనం. డీటీఎన్‌బీకి ఈ రెండూ ఒకే లేత పసుపు.

కొలతకు బ్యూట్లర్ అనే శాస్త్రవేత్త పద్ధతి చాలు. 0.2 మి.లీ. రక్తాన్ని 1.8 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో పగలగొట్టి, వెంటనే ప్రొటీన్‌ను దింపేసే అవక్షేప ద్రావణం 3 మి.లీ. కలపాలి. ఆ ద్రావణం 100 మి.లీ.కి మెటాఫాస్ఫారిక్ ఆమ్లం 1.67 గ్రా., ఈడీటీఏ 0.2 గ్రా., ఉప్పు 30 గ్రా. పడతాయి. ఉప్పు మెల్లగా కరుగుతుంది, తొందరపడొద్దు. ఐదు నిమిషాలాగి వడకట్టాలి. 2 మి.లీ. వడపోతకు 0.3 మోలార్ డైసోడియం ఫాస్ఫేట్ 8 మి.లీ., డీటీఎన్‌బీ 1 మి.లీ. కలిపి 412 నానోమీటర్ల దగ్గర చదవాలి. డీటీఎన్‌బీని ఉత్త నీళ్లలో వేస్తే సరిగా కరగదు, 40 మి.గ్రా.ను 100 మి.లీ. ఒక శాతం సోడియం సిట్రేట్‌లో కరిగించాలి. పొదుపు కావాలంటే అన్నీ సగం చేసుకోవచ్చు, నిష్పత్తి మారకూడదంతే.

ఎక్కువ తప్పులు జరిగేది మూడు చోట్ల. వడపోత మసకగా ఉంటే రీడింగ్ పెరిగి, లోపమున్న గొర్రె మామూలుదిగా కనిపిస్తుంది. ఫాస్ఫేట్ ఫ్రిజ్‌లో గడ్డకడుతుంది, వేడిచేసి పూర్తిగా కరిగించకపోతే రంగు సరిగా రాదు. రంగు వచ్చాక ట్యూబులు పక్కన పెట్టి ఇంకో పని చూసుకుంటే పసుపు తగ్గిపోతుంది.

లెక్క ఇలా: రీడింగ్ 0.080, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) 32 అనుకుందాం. 0.080ను 13.6తో (పసుపు రంగు శోషణ గుణకం) భాగించి 137.5తో (రక్తం మొత్తం ఎన్ని రెట్లు పలుచనైందో ఆ సంఖ్య) గుణిస్తే లీటరు రక్తానికి 0.81 మిల్లీమోల్, దాన్ని 0.32తో భాగిస్తే లీటరు ఎర్రకణాలకు 2.5. పీసీవీ చూడకుండా రక్తం లెక్కతోనే తీర్పు చెప్పేస్తే రక్తహీనత ఉన్న గొర్రె అన్యాయంగా లోపం జాబితాలో చేరుతుంది. ఈ పద్ధతిలో మాకు నచ్చనిది పలుచన: రీడింగులు ఇంత చిన్నవైతే బ్లాంక్‌లో (రక్తం లేని పోలిక ట్యూబులో) 0.02 తేడా పావు వంతు పొరపాటు. అందుకే బ్లాంక్‌లో కూడా అదే ఆమ్లం, అదే నిష్పత్తిలో ఉండాలి.

తక్కువని తేలిన గొర్రెల కణాలను సెలైన్‌తో మూడుసార్లు కడిగి, ప్రొటీన్ తీసేసి, పలుచటి పొర క్రోమటోగ్రఫీ చేసి (ప్లేటు మీద ఎమైనో ఆమ్లాలను విడదీసి), నిన్‌హైడ్రిన్‌తో వాటి మచ్చలకు రంగు తెప్పించాలి. లైసిన్, ఆర్నిథిన్ మచ్చలు మామూలు గొర్రె కంటే చిక్కగా వస్తే లోపం రవాణాది. ఆ రెండూ పక్కపక్కనే పడతాయి, విడదీయాలని కుస్తీ పట్టక్కర్లేదు. పగిలిన కణాల ద్రవానికి గ్లూటమేట్, సిస్టీన్, గ్లైసిన్, ఏటీపీ, మెగ్నీషియం అందించి చూడటం ఇంకా గట్టి పరీక్ష: రవాణా లోపమైతే గ్లూటాథయోన్ బాగానే తయారవుతుంది, ఎంజైమ్ లోపమైతే కాదు.

రెడీమేడ్ రీసైక్లింగ్ కిట్లు సున్నితమైనవే, కానీ అవి ఆక్సీకరణ చెందిన రూపాన్నీ కలిపి కొలుస్తాయి, వాటికి కావలసిన ఎన్‌ఏడీపీహెచ్ అనే రసాయనం ఖర్చు అదనం. మందను వడపోయడానికి అంత అవసరం లేదు. చిన్న సీసా పొడి కొని, వెలుతురు తగలకుండా దాచుకుని, మిగిలిన డబ్బు క్రోమటోగ్రఫీ ప్లేట్ల మీద పెట్టండి.